వరద గోదావరి వద్దు, కాళీ నది మేలు

సంపాదకులకు,

ఉప్పల్, నాచారం కుర్రాళ్లు వానాకాలంలో పాపికొండల దగ్గర గోదావరిలో కయాక్‌లు నడపొచ్చన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. 2019 సెప్టెంబరు 15న అదే నదిలో కచ్చులూరు దగ్గర పెద్ద పర్యాటక బోటే వరద ఉద్ధృతికి మునిగి ఎందరినో బలితీసుకుంది. కాస్త అనుభవం వచ్చినవాళ్లకు కర్ణాటకలోని గణేశ్‌గుడి దగ్గర కాళీ నది మేలు. అక్కడ ఉరవడి ఎగువనున్న సూపా డ్యామ్ వదిలే నీటిని బట్టి ఉంటుంది. బయల్దేరే ముందే ఆ సంగతి కనుక్కోవాలి. అడవి నదిలో రాళ్లకంటే కూలిన చెట్లంటేనే నాకు భయం. కొమ్మల సందుల్లోంచి నీళ్లు పోతాయి, మనిషి ఇరుక్కుపోతాడు. మలుపు అవతల కనబడకపోతే ఒడ్డెక్కి నడిచి చూసి రావాలి. లైఫ్ జాకెట్ వేసుకుని పట్టీలు బిగించాక, దాన్ని భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. చెవులదాకా వస్తే అది మీ సైజు కాదు. ఈ జాగ్రత్తలు కూడా దయచేసి అచ్చువేయండి.

— ఓ పాఠకుడు, నాచారం