కౌంటరు వెనకనుంచి: ఒకే పెట్టెలో రెండు చిప్పులు

చంద్రపూరులో ఎండలు మొదలయ్యాయి. కూలరుకి కొత్త తట్టీలు వేయించడం, వట్టివేరు వాసన పీలుస్తూ మధ్యాహ్నాలు గడపడం కూడా మొదలయ్యాయి. ఇలాంటి ఒక మధ్యాహ్నం పుణే నుంచి మా అబ్బాయి ఫోను చేశాడు. కొత్త కంప్యూటరు కొంటున్నాడట. "నాన్నా, ప్రాసెసరు పేరు చివర 'కె' అక్షరం ఉన్నది తీసుకుంటే నాలుగు డబ్బులు ఎక్కువవుతాయి. కానీ దాన్ని ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చు. తీసుకోనా?" అన్నాడు.

ఓవర్‌క్లాక్ అన్న మాట వినగానే నాకు పాత బాకీ ఒకటి గుర్తొచ్చింది. వాడికి ఫోనులో చెప్పింది కొంతే. మిగతాది ఈసారి మీతో చెప్పుకుంటాను.

ముందు ఆ మాటకి అర్థం చెప్పాలి. మన అమ్మమ్మల కాలంలో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో వడ్లు దంచేవారు. ఒకరి రోకలి పైకి లేచినప్పుడు రెండోవారిది కిందికి దిగాలి. పాట వరస తప్పకుండా సాగితే పని సాఫీగా జరుగుతుంది. పాట వేగం పెంచితే బియ్యం త్వరగా తెములుతాయి. మరీ పెంచితే ఎక్కడో ఒకచోట రోకలికి రోకలి తగులుతుంది. ప్రాసెసరులో ఆ పాటనే క్లాక్ అంటారు. 300 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకి 30 కోట్ల దెబ్బలు. ఒక దెబ్బకీ మరో దెబ్బకీ మధ్య లోపలి లక్షల స్విచ్చులన్నీ తమ పని ముగించుకోవాలి. కంపెనీ రాసిచ్చిన వేగం కన్నా ఎక్కువ వేగంతో పాట పాడించడమే ఓవర్‌క్లాకింగ్.

ఈ విద్యకి పేరు తెచ్చినది 1998 ఆగస్టులో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ అనే చిప్పు. టోకున దాని ధర 149 డాలర్లు. అదే రోజు విడుదలైన 450 మెగాహెర్ట్జ్ పెంటియం టూ ధర 669 డాలర్లు. 300ఏ వేగం 66 మెగాహెర్ట్జ్ బస్సుని నాలుగున్నరతో హెచ్చవేస్తే వచ్చేది. ఆ నాలుగున్నరని ఎవరూ మార్చకుండా కంపెనీ తాళం వేసింది కానీ, 66ని మార్చడం మాత్రం మదర్‌బోర్డు చేతిలో ఉంది. దాన్ని 100 చేస్తే నాలుగున్నర వందలు, అంటే 450! ఏబిట్ కంపెనీ బీహెచ్6 బోర్డులో అయితే పెట్టె విప్పే పని కూడా లేదు, తెర మీద మెనూలోనే మార్చుకోవచ్చు. ఆ సౌకర్యం లేని కొన్ని బోర్డుల్లో చిప్పు అంచున బి21 అనే పిన్ను మీద చిన్న టేపు ముక్క అంటిస్తే, బోర్డు దాన్ని 100 మెగాహెర్ట్జ్ చిప్పు అనుకునేది. పైగా ఈ చిప్పులో 128 కిలోబైట్ల క్యాష్ మెమరీ అదే సిలికాన్ ముక్క మీద, అదే వేగంతో నడిచేది. పెంటియం టూలో క్యాష్ నాలుగు రెట్లు పెద్దదే కానీ సగం వేగంతో నడిచేది. అందుకే 149 డాలర్ల సరుకు 669 డాలర్ల సరుకుతో భుజం భుజం కలిపి పరిగెత్తింది.

బీకాం చదివి బ్యాంకులో చేరినవాడికి ఈ లెక్క చెవిన పడితే ఊరుకుంటాడా?

1998 డిసెంబరులో మా బావమరిది సెలవులకి మా ఇంటికొచ్చాడు. కరీంనగర్‌లో టైపు ఇన్‌స్టిట్యూటు నడుపుతూ, దాన్ని కంప్యూటర్ ఇన్‌స్టిట్యూటుగా మార్చే ప్రయత్నంలో ఉన్నాడు. ఇద్దరం పొద్దున్నే రైలెక్కి నాగపూరు వెళ్ళి, సీతాబుల్డీలో ఒకే దుకాణంలో, ఒకే పెట్టెలోంచి తీసిన రెండు 300ఏ చిప్పులు కొన్నాం. ఒకే ధర, ఒకే రకం బోర్డు. రాత్రికి మా ఇంట్లో నేలమీద దుప్పటి పరిచి బిగించాం. నాది మొదటి ప్రయత్నంలోనే 450లో లేచి కూర్చుంది. మా బావమరిది చిప్పుకి 100 పెడితే తెర నల్లగా ఉండిపోయింది. 83 పెడితే 375 దగ్గర కాసేపు నడిచి నిలిచిపోయింది. వోల్టేజి కొంచెం పెంచినా లాభం లేదు. చివరికి 300లోనే ఉంచేశాం.

"ఒకే పెట్టెలోవి కదా బావా! నా జాతకమే ఇంత," అన్నాడు పాపం. నేను ఓదార్చాను. కానీ నిజం చెప్పొద్దూ, లోపల కాస్త గర్వంగానే ఉంది, ఆ చిప్పుని నేనే తయారుచేసినట్టు!

ఒకే పెట్టెలోని రెండు చిప్పులకి ఇంత తేడా ఎందుకు? పెద్ద అప్పడంలాంటి సిలికాన్ బిళ్ళ మీద వందల చిప్పులు ఒకేసారి తయారవుతాయి. 300ఏ లోపల 1 కోటి 90 లక్షల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. అందులో గీతల వెడల్పు మైక్రానులో పావు వంతు. అంత సన్నని పనిలో ఒక పొర మందం వెంట్రుకలో ఎన్నో వంతో తేడా వచ్చినా ఒక చిప్పు చురుకుగా, పక్కది నిదానంగా తయారవుతుంది. మన బొగ్గు గనుల్లో పనిచేసినవారికి ఇది కొత్త కాదు. ఒకే పొరలోంచి తీసిన బొగ్గంతా ఒకే గ్రేడు కాదు కదా. కంపెనీ చిప్పుల్ని పరీక్షించి, వేగాన్ని బట్టి వేరుచేసి చీటీలు అంటిస్తుంది.

తమాషా అంతా ఇక్కడే ఉంది. చీటీ ఎప్పుడూ శక్తినే చెప్పదు. బజారులో చవక సరుకుకే గిరాకీ ఎక్కువ. తయారీ బాగా కుదిరి మంచి చిప్పులు ఎక్కువగా వస్తే, వాటిలో కొన్నింటికీ 300 చీటీయే అంటించాలి. బ్యాంకు ఉద్యోగులకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మేనేజరు కాగల గుమాస్తా ఖాళీ లేక గుమాస్తాగానే రిటైరవ్వడం మనం చూడలేదా? నా 300ఏ కూడా పోస్టు దొరకని అలాంటి గుమాస్తాయే అన్నమాట. అయితే పెట్టె మీద చూసి ఎవరు ఏమిటో చెప్పలేం. అప్పట్లో కొందరు కోస్టారికా ముద్రా, మలేషియా ముద్రా అని, ఏ వారంలో తయారైందని నంబర్లు చదివి మరీ కొనేవారు. లాటరీ టికెట్టులో చివరి అంకె చూసి కొన్నట్టే. అందుకే దీనికి 'సిలికాన్ లాటరీ' అని పేరు పడింది. తర్వాత అదే పేరుతో అమెరికాలో ఒక దుకాణం కూడా వెలిసింది. వాళ్ళు చిప్పుల్ని ముందే పరీక్షించి, బాగా పరిగెత్తేవాటిని ఎక్కువ ధరకి అమ్మేవారు.

ఇక నా కథ. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో నా యంత్రం గుర్రంలా పరిగెత్తింది. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "మూడు వందలకి కొన్నాను, నాలుగున్నర వందలు ఇస్తోంది. వడ్డీ యాభై శాతం!" అనేవాణ్ణి. వేడి కూడా యాభై శాతం పెరుగుతుందని మాత్రం చెప్పేవాణ్ణి కాదు. వేగం ఎంత పెంచితే వేడి అంత పెరుగుతుంది. వోల్టేజి పెంచితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 2.0 వోల్టుల నుంచి 2.2కి, 300 నుంచి 450కి వెళితే వేడి సుమారు 80 శాతం ఎక్కువ. ఆ వేడిని ఫ్యాను గదిలోకి విసురుతుంది. ఎంత మంచి ఫ్యాను అయినా చిప్పుని గది కన్నా చల్లగా చేయలేదు. గదికన్నా 25 డిగ్రీలు ఎక్కువలో చిప్పు ఉంటుందనుకోండి. డిసెంబరులో గది 22 అయితే చిప్పు 47. మేలో గది 40 అయితే చిప్పు 65. మన ఊరి థర్మల్ స్టేషనుకైనా చల్లబరచడానికి ఇరయీ డ్యాము నీళ్ళు కావాల్సిందే. బయట 46, 47 డిగ్రీలు వింత కాని ఊళ్ళో నా చిప్పుకి ఉన్నది అరచేయంత ఫ్యాను ఒక్కటే.

1999లో మా కాలనీ తెలుగువాళ్ళం శ్రీరామనవమి చందాలు వసూలు చేశాం. బ్యాంకువాడు కనక లెక్కలు నావే. మే నెలలో ఒక మధ్యాహ్నం రసీదు పుస్తకాలు ముందు పెట్టుకుని అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. సేవ్ చేస్తుంటే రెండుసార్లు నిలిచిపోయింది. రీసెట్ నొక్కాను. ఫైలు మళ్ళీ తెరుచుకుంది కదా అని మిగతాది పూర్తిచేశాను. చివరికి చూస్తే చేతిలో నగదు లెక్కకన్నా 151 రూపాయలు ఎక్కువ ఉంది. ఎవరో రసీదు లేకుండా ఇచ్చి ఉంటారని సరిపెట్టుకున్నాను. అదే బ్యాంకులో అయితే క్యాషు తగ్గినా, పెరిగినా తేడా దొరికేదాకా ఇంటికి కదిలేవాణ్ణి కాదు.

ఆదివారం సమావేశంలో లెక్కలు చదివాం. ఇచ్చినవారి పేర్లు అయ్యాక, ఇవ్వనివారి పేర్లు కూడా చదవమని ఎవరో అన్నారు. చదివాను. అందులో గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన పేరు వచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఏమీ అనలేదు. నెమ్మదిగా ఇంటికి నడిచి వెళ్ళాడు. కోపం వచ్చి వెళ్ళాడనుకున్నాం. పావుగంట తర్వాత ఆ ఎండలోనే తిరిగొచ్చి, రేకు డబ్బాలోంచి మడత పెట్టిన రసీదు తీసి నా చేతిలో పెట్టాడు. 151 రూపాయలు.

"బిడ్డా, గిది నీ దస్కతే గదా?" అన్నాడు.

నా సంతకమే. అందరి ముందూ క్షమాపణ చెప్పాను. "కంప్యూటరు తప్పు" అనబోయి ఆగిపోయాను. ఆ యంత్రం నిలిచిపోయి నన్ను రెండుసార్లు హెచ్చరించింది. 151 రూపాయలు మూడోసారి హెచ్చరించాయి. వినిపించుకోనిది నేను. ఆయన మాత్రం, "పోనీ తీయ్, లెక్క దొరికింది గదా" అని కూర్చున్నాడు. ఆయన అంత తేలిగ్గా తీసుకున్నందుకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పరీక్షించాను. అదే ఫైలు 450లో ఉదయం ఎనిమిదింటికి పదిసార్లు తెరిచి మూస్తే ఏమీ కాలేదు. మధ్యాహ్నం మూడింటికి నాలుగోసారికే నిలిచిపోయింది. 300కి దించితే మధ్యాహ్నం కూడా బుద్ధిగా నడిచింది. అంటే నా అదృష్టం డిసెంబరు అదృష్టం. మేకి సరిపోదు. ఎస్టీడీ బూతు నుంచి బావమరిదికి చెబితే అవతల నుంచి ఒకటే నవ్వు. "బావా, నా దురదృష్టపు చిప్పు మీద రోజుకి ముప్పైమంది పిల్లలు నేర్చుకుంటున్నారు. ఒక్కనాడు ఆగలేదు," అన్నాడు. 2006 దాకా అతని దగ్గర ఆ చిప్పు పనిచేసింది. ఇద్దరిలో లాటరీ ఎవరికి తగిలిందో మీరే చెప్పండి.

కాలం మారింది. ఇప్పుడు ఆ మిగులు వేగాన్ని కంపెనీలే టర్బో పేరుతో ముందే వాడేస్తున్నాయి. సిలికాన్ లాటరీ దుకాణం 2021 అక్టోబరులో మూతపడింది. 2022 డిసెంబరులో ద్రవ హీలియం పోసి ఒక ఇంటెల్ చిప్పుని 9 గిగాహెర్ట్జ్ దాటించారు. అది సర్కస్, సంసారం కాదు. 2024లో ఇంటెల్ వారి 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులు కొన్ని, ఎవరూ ఓవర్‌క్లాక్ చేయకపోయినా, అవసరానికి మించిన వోల్టేజి వల్ల దెబ్బతిన్నాయి. కంపెనీ కొత్త మైక్రోకోడ్ ఇచ్చి, వారంటీని మరో రెండేళ్ళు పొడిగించింది. అంచుమీద నడిస్తే ఎంతటివాడికైనా కాలు జారుతుంది.

మరి మా అబ్బాయికి ఏం చెప్పాను? వద్దనలేదు. కుర్రతనంలో ఆ సరదా నేనూ తీర్చుకున్నాను కదా. "వారంటీ కాగితం మొత్తం చదువు. ప్రైమ్95 లాంటి పరీక్ష రాత్రంతా నడిపించు. అది లెక్కలు చేసి తెలిసిన జవాబులతో సరిపోల్చుతుంది, మన ట్రయల్ బ్యాలెన్సులాగే. ఆ పరీక్ష డిసెంబరులో ఒకసారి, మేలో ఒకసారి చెయ్యి. పరుగు పందేలకి, ఆటలకి ఎంత వేగమైనా పెట్టుకో. పరుల లెక్కలు రాసేటప్పుడు మాత్రం చీటీ మీద రాసిన వేగానికి దించు," అన్నాను.

"పరుల లెక్కలు నాకెందుకు నాన్నా?" అన్నాడు.

వస్తాయిరా అబ్బాయ్. నమ్మకస్తుడన్న పేరు వస్తే అవి వాటంతట అవే వస్తాయి.

ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ఆ రసీదు ఆయన తిరిగి తీసుకోలేదు. నా బీరువాలో, అప్పటి రసీదు పుస్తకం మధ్యలో ఇంకా ఉంది. ఇప్పటికీ ఏ చందా లెక్క రాసినా, చివరి అంకె పడ్డాక రసీదు ముక్కలన్నీ ఒకసారి చేత్తో కూడుకుంటాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.

ఎండలు జాగ్రత్త. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.