గుడ్ల చేప మీద ఈ మోజు ఆపండి

"మృగశిరకు గుడ్ల చేపే తినాలె. ఒమేగా అంతా గుడ్లల్నే ఉంటది." ఈ జూన్‌లో కరీంనగర్ చేపల మార్కెట్లో ఏ తక్కెడ దగ్గర నిలబడ్డా ఇదే మాట. పొట్ట నొక్కి చూసి, ఉబ్బినదాన్నే ఏరుకుంటున్నారు. నిన్నటిదాకా ఇది మృగశిర కార్తె ఆచారం. ఇప్పుడు ఫోన్లో చూసిన అరకొర సైన్సు దానికి తోడైంది. వింటుంటే ఒళ్లు మండుతోంది.

గుడ్లలో కొవ్వు ఉన్న మాట నిజం. అది ఎవరి కోసం? ఆడ బొచ్చె, రవ్వ వానలకు ముందు నెలల్లో తిన్న తిండిని కండలో, కాలేయంలో, పేగుల చుట్టూ కొవ్వుగా దాచుకుంటాయి. కార్తె దగ్గరపడేసరికి అది గుడ్లలోకి చేరుతుంది. పిల్ల కళ్లూ మెదడూ సరిగ్గా తయారవడానికి అందులోని డీహెచ్ఏ అనే ఒమేగా-3 కావాలి. ఆ రోజుల్లో తల్లి కండలో పస తగ్గుతుంది. ఎక్కువ ధర పెట్టి మనం కొనేది ఆ కండనే! ఒక్క రవ్వ కిలో బరువుకు రెండు లక్షల దాకా గుడ్లు మోస్తుంది. ఒక పూట పులుసుకు పోయేవి అవన్నీ.

కొర్రమట్ట సంగతి మరీ ఘోరం. దాని గుడ్డులో నూనె చుక్క ఉంటుంది కాబట్టే గుడ్డు నీటిమీద తేలుతుంది. తల్లీతండ్రీ రెండూ కాపలా కాస్తాయి. ఎర్రటి పిల్లల గుంపు పైకి కనబడగానే, కింద పెద్ద చేప ఉందని పసిగట్టి గాలం వేస్తారు. కాపలా పోయిన పిల్లలు ఇతర చేపల పాలవుతాయి. తెలంగాణ రాష్ట్ర చేపకు మనమిచ్చే మర్యాద ఇదా?

బొచ్చె, రవ్వ నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి కొత్త వరద కావాలి. లోయర్ మానేరులోనైనా కడెంలోనైనా అవి ఎదురెక్కే దారికే అడ్డంగా వల కడుతున్నాం. మరోవైపు చెరువుల్లో పోయడానికి 2016లో సర్కారు ఉచిత చేపపిల్లల పథకం పెట్టింది. వాగులో తల్లిని చంపి చెరువులో పిల్లను పోయడం ఏం లెక్క? హేచరీలున్నాయి కదా అంటారు. 1957లో ఒడిశాలో ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించినప్పటి నుంచీ ఇదే జవాబు. ఆ హేచరీల తల్లి చేపలూ మొదట నదుల నుంచి వచ్చినవే. ఎండిపోయే కుంటల్లోని బొచ్చె, రవ్వ వేరు, ఆ నిలవ నీటిలో అవి ఎలాగూ గుడ్లు పెట్టవు, అవి తినండి.

గుడ్ల మోజు ఎటు దారితీస్తుందో ఇప్పటికే ఒకచోట తేలింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరంలో సీ అర్చిన్ అనే ముళ్ల జీవిని కూడా దాని గుడ్ల సంచుల కోసమే వేటాడారు. గిరాకీ జపాన్‌ది. 1993లో వేట శిఖరానికి చేరింది, ఆ తర్వాత కుప్పకూలింది.

చేప కావాలంటే చలికాలంలో తినండి, అప్పటికి కండ మళ్లీ నిండుతుంది. మత్తడి దుంకే రోజుల్లో వల వేయొద్దని మత్స్య సహకార సంఘాలే తీర్మానించాలి. మరి ఆ రోజుల్లో గంగపుత్రుల, ముదిరాజుల ఇల్లు ఎట్లా గడవాలి? ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపినందుకు మత్స్యకారులకు భృతి ఇస్తున్నారు. మానేరు, గోదావరి ఒడ్డున ఎందుకివ్వరు?