దాటవేయరాని పుటలు

స్వాతంత్ర్య సమరంలో కమ్యూనిస్టు పార్టీ పాత్రను గురించి తరగతిలో ప్రశ్న వచ్చినపుడు ఉపాధ్యాయునికి రెండు సులభమార్గాలు కనిపిస్తవి. 1942ను మాత్రమే చెప్పి ముగించుట ఒకటి. 1942ను మాత్రమే విడిచి తక్కినదంతా చెప్పుట రెండవది. రెండును విద్యార్థికి అన్యాయమే చేస్తవి.

1921లో అహమ్మదాబాదు కాంగ్రెసులో సంపూర్ణ స్వాతంత్ర్యం కావలెనని మౌలానా హస్రత్ మొహానీ ప్రతిపాదించినారు. గాంధీజీ వ్యతిరేకించగా అది వీగిపోయినది. ఆ మొహానీయే 1925లో కాన్పూరు కమ్యూనిస్టు మహాసభకు ఆహ్వాన సంఘాధ్యక్షులు. సభాధ్యక్షులు మద్రాసు వాస్తవ్యులు సింగారవేలు చెట్టియారు. 1929 మార్చిలో ప్రభుత్వం కార్మిక నాయకులను పట్టి మీరట్ కుట్రకేసు పెట్టినది. ముద్దాయిలలో ముగ్గురు ఆంగ్లేయులు కూడ ఉండిరి! విచారణ నాలుగేండ్లకు దగ్గరగా సాగినది. అణచదలచిన సిద్ధాంతమే బోనులోనుంచి దేశమంతటికీ వినిపించినది. 1934లో పార్టీని నిషేధించినారు.

1941 జూనులో హిట్లరు సోవియట్ దేశంపై దండెత్తినాడు. అంతవరకు సామ్రాజ్యవాద యుద్ధమన్న దానినే పార్టీ ప్రజాయుద్ధమన్నది. 1942 జూలైలో నిషేధం తొలగినది. ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం చెలరేగినపుడు పార్టీ దానికి ఎదురు నిలిచినది. ఫాసిజం గెలిచిన లోకంలో ఏ జాతి స్వాతంత్ర్యమూ దక్కదన్న వాదంలో బలం లేకపోలేదు. కాని నాయకులు చెరసాలలోను, ప్రజలు తుపాకుల యెదుటను ఉన్న వేళ ఆ వాదం ఎవరి చెవికెక్కును? అది పొరపాటని మా అభిప్రాయం.

అయితే ఆ పొరపాటును చెప్పు ఉపాధ్యాయుడు కయ్యూరును కూడ చెప్పవలెను. నేడు కేరళలోనున్న ఆ పల్లె ఆనాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలవలెనే మద్రాసు రాష్ట్రంలోనిది. 1941 మార్చిలో అక్కడి రైతుల ఊరేగింపుకు ఎదురుపడిన ఒక పోలీసు కానిస్టేబులు నదిలో మునిగి మరణించినాడు. అందుకు అప్పు, చిరుకండన్, కుంఞంబు నాయరు, అబూబకర్ అను నలుగురు యువకులకు ఉరిశిక్ష పడినది. 1943 మార్చి 29న కన్ననూరు జైలులో వారిని ఉరితీసినారు. అప్పటికి పార్టీ చట్టసమ్మతమై ఎనిమిది నెలలు. యుద్ధంలో బ్రిటిషు ప్రభుత్వానికి తోడ్పడుచున్నది కూడ. ఆ తోడ్పాటు ఆ నలుగురి మెడలలోని ఉరిత్రాటిని తప్పించలేకపోయినది.

ఐదవ ముద్దాయి మైనరగుటచేత మాత్రమే ఉరి తప్పించుకొన్నాడు.