బోర్డు రాయించే ముందు

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని సింగ్ నగర్‌ను ముంచినప్పుడు మోకాటిలోతు నీళ్లలో భోజనం పొట్లాలు మోసిన కుర్రాళ్లు రిజిస్ట్రేషన్ నంబరు చూసుకుని దిగలేదు. అలాంటి బృందం పది కాలాలు నిలవాలంటే మాత్రం చట్టం గడప తొక్కక తప్పదు. ‘ఫౌండేషన్’ అనేది బోర్డు మీది మాటే. చట్టం చూపే దారులు మూడు: ట్రస్టు, సొసైటీ, కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీ.

మనవాళ్లు ఎక్కువగా ట్రస్టు వైపే మొగ్గుతారు. దస్తావేజు రాసుకుని సబ్ రిజిస్ట్రారు దగ్గరికి వెళితే పని అయిపోతుంది. ఇద్దరు ధర్మకర్తలు చాలు. తరచూ ఆ ఇద్దరూ భార్యాభర్తలే! 2001 నాటి రాష్ట్ర సొసైటీల చట్టం కనీసం ఏడుగురిని అడుగుతుంది, సర్వసభ్య సమావేశం పెట్టమంటుంది. తలనొప్పే, కానీ జనం డబ్బుతో నడిచేదానికి ఆ తలనొప్పి ఉండాలి.

అసలు చిక్కు అమెరికా డబ్బుతో. గుడివాడ పక్క పల్లెవాడే అయినా అమెరికా పౌరసత్వం తీసుకుంటే అతనిచ్చేది విదేశీ విరాళమే. భారత పాస్‌పోర్టు ఉన్న తమ్ముడు తన సంపాదనలోంచి పంపితే కాదు. విదేశీ విరాళం తీసుకోవాలంటే వేరే రిజిస్ట్రేషన్ కావాలి; దానికి సంస్థ సాధారణంగా మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో సేవపై 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి. ఆ డబ్బు అందుకోవడానికి స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ ప్రధాన శాఖలో ఖాతా తప్పనిసరి.

ఊరి బడికి గదులు కట్టిస్తామని అమెరికా అన్నయ్య మాటిచ్చి ఉంటే, శంకుస్థాపన ముహూర్తానికి ముందే ఆడిటరును కలవండి.