సందేశం – దూత

సందేశం ఎంత గొప్పదైనా, దానిని చేర్చే దూత సమర్థుడు కాకపోతే అది నిష్ఫలమే. శ్రీనాథుని 'శృంగార నైషధం'లో నలుని గుణగణాలను దమయంతికి విన్నవించినది హంస. ఆ హంస లేనిదే కథ ముందుకు సాగదు. నేటి వైద్యశాస్త్రానికీ అటువంటి దూతే కావలసి వచ్చింది.

జన్యు పదార్థాన్నే ఔషధంగా ఇచ్చి వ్యాధులను నయం చేయవచ్చునని శాస్త్రజ్ఞులు చాలాకాలం క్రితమే భావించారు. చిక్కంతా దానిని కణంలోనికి చేర్చడంలోనే ఉంది. రక్తంలోని ఎంజైములు ఆర్.ఎన్.ఎ.ను ఛిద్రం చేస్తాయి. ఋణావేశం గల ఆ అణువును కణత్వచం లోనికి రానీయదు. అందుచేత మొదట వైరస్‌లను వాహకాలుగా ఎంచుకున్నారు. 1999లో అమెరికాలో అటువంటి చికిత్సా ప్రయోగంలో పాల్గొన్న 18 ఏళ్ల యువకుడు, వాహకమైన వైరస్‌పై శరీరం చూపిన తీవ్ర ప్రతిచర్య వల్ల మరణించాడు. దూత ఎంపికలో పొరపాటు ప్రాణాంతకమని ఆ విషాదం నేర్పింది.

వైరస్‌తో పనిలేని మరొక మార్గం కొవ్వు పదార్థాలతో చేసిన నానో రేణువు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. సుమారు 100 నానోమీటర్ల ఈ రేణువు సందేశాన్ని తన గర్భంలో దాచుకొని రక్తంలో తటస్థంగా పయనిస్తుంది. కణం దానిని చిన్న సంచిలో చుట్టి లోనికి తీసుకుంటుంది. ఆ సంచిలోని ఆమ్లత్వం వల్ల రేణువులోని కొవ్వులు ధనావేశం పొంది, సంచి పొరను ఛేదించి సందేశాన్ని విడుదల చేస్తాయి. దారిలో మౌనం, గమ్యంలో వాక్కు! ఉత్తమ దూత లక్షణం ఇదే కదా!

2018లో అమెరికాలో ఆమోదం పొందిన 'పాటిసిరాన్' ఈ మార్గాన వచ్చిన తొలి ఔషధం. 2020లో కొన్ని కోవిడ్ టీకాలూ ఈ రేణువులలోనే ప్రయాణించాయి. అయితే పాటిసిరాన్‌కు తొలుత ప్రకటించిన ధర ఏడాదికి 4,50,000 డాలర్లు! ఒక కోవిడ్ టీకాను మొదట్లో మైనస్ 70 డిగ్రీల చలిలో భద్రపరచవలసి వచ్చింది. కణత్వచాన్ని దాటిన దూత పేదవాని గడపను దాటలేకపోయింది.

పరిశోధనకు వెచ్చించిన ధనం తిరిగి రావద్దా అని కొందరు ప్రశ్నిస్తారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కాని ఈ విజ్ఞానంలో విశ్వవిద్యాలయాల కృషి, ప్రజాధనం పాలు కూడా ఉన్నాయి. పైగా సంకల్పం ఉంటే మార్గం ఉంటుంది. 2022లో అత్యవసర వినియోగానికి అనుమతి పొందిన పుణెలోని జెన్నోవా సంస్థ ఎం-ఆర్.ఎన్.ఎ. టీకాను 2 నుంచి 8 డిగ్రీల వద్దనే నిల్వ చేయవచ్చు. సామాన్యమైన శీతలపెట్టె ఉన్న పల్లె ఆరోగ్య కేంద్రానికి అది చాలు.

దూత గొప్పతనం రాజప్రాసాదం చేరడంలో మాత్రమే లేదు. పూరిగుడిసెకూ చేరడంలో ఉంది. రేపటి శాస్త్రజ్ఞులు కాబోయే నేటి విద్యార్థులు పూనుకోవలసిన కార్యం అదే.