విక్టోరియా యుగపు నవల – స్వభావము, ద్రష్ట

ఆంగ్లనవలా విమర్శనములోని ‘రియలిజము’నకు వాస్తవికత యనియు, ‘సబ్జెక్టివిటీ’కి ఆత్మాశ్రయత యనియు తెలుగున పదములు స్థిరపడినవి. వానితోపాటు ఒక భ్రమయు స్థిరపడినది. లోకమును ఉన్నదున్నట్లు వ్రాయుట వాస్తవికత యనియు, ఆత్మాశ్రయత దానికి విరోధి యనియు పాఠములు సాగుచున్నవి. విక్టోరియా రాణి కాలమున (1837-1901) వెలువడిన ఉత్తమనవలలు ఈ విభాగమును అంగీకరింపవు.

జార్జి ఇలియట్ ‘ఆడమ్ బీడ్’ (1859) పదునేడవ అధ్యాయమున కథ నాపి తన మతమును ప్రకటించినది. మనోదర్పణమున లోకము ప్రతిఫలించిన రీతినే చెప్పవలెననియు, ఆ దర్పణమున దోషము లుండక మానవనియు, అయినను ప్రమాణము చేసిన సాక్షివలె పలుకుట కర్తవ్యమనియు దాని సారాంశము. సత్యమునకు ఆధారము నిర్దోషమైన దర్పణము కాదు. తన దోషము నెరిగిన సాక్షి.

‘మిడిల్‌మార్చ్’ (1871-72)లో ఈ భావము దృష్టాంతరూపము దాల్చినది. తుడిచి తుడిచి నానాదిక్కుల గీతలు పడిన నిలువుటద్దము నెదుట దీపము నుంచినచో, ఆ గీతలు దీపమును చుట్టిన వలయములుగ తోచును. గీతలు సత్యములే, వలయక్రమము దీపము కల్పించినది. ఆ దీపమే వ్యక్తి యందలి అహంకారము. రెండధ్యాయముల పిమ్మట, డొరోథియా మనస్సును అనుసరించు కథనము చటుక్కున నిలిచి, ఎల్లప్పుడు ఆమె చూపే యేల యని ప్రశ్నించి, ఆమె భర్తయగు కాసాబన్ హృదయమునకు మరలును. సమస్త పురాణగాథలకును ఒకే తాళపుచెవిని వెదకుచు జీవితము వెచ్చించిన ఆ శుష్కపండితుడు అంతవరకు పాఠకునకు దూరస్థుడు. ఇకమీదట అతని భయము పాఠకునకు తెలియవచ్చును. లోకము మారలేదు, కేంద్రము మారినది. డికెన్సు ‘బ్లీక్ హౌస్’ (1852-53)ను సర్వజ్ఞుడగు కథకునకును, ఎస్తర్ అను యువతికిని పంచియిచ్చుటయు ఇట్టిదే.

ఈ విషయమున మన ఆలంకారికులు మౌనము వహింపలేదు. దండి స్వభావోక్తిని అలంకారములలో మొదట నిలిపెను. వస్తుస్వభావము అలంకార్యమే కాని అలంకారము కాదని కుంతకుడు నిరాకరించెను. వస్తువునకు సామాన్యము, విశిష్టము అని రెండు రూపము లుండుననియు, విశిష్టరూపము కవిప్రతిభకే గోచరించుననియు మహిమభట్టు సమాధానపరచెను. ద్రష్ట లేక విశిష్టస్వభావము గోచరింపదను నీ సిద్ధాంతము ఇలియట్‌కు సన్నిహితము.

అయినను భట్టనాయకుని సాధారణీకరణమును ఈ నవలలకు యథాతథముగ అన్వయించుట తొందరపాటు. రసాస్వాదమున ‘నాది, పరునిది’ అను సంబంధము తొలగవలెను. ‘మిడిల్‌మార్చ్’లో అది తొలగదు. కాసాబన్ దుఃఖము కాసాబన్‌దిగనే నిలుచును. పరునకును తనవంటి యొక కేంద్రము కలదని పాఠకుడు ఎరుగును. అది రసముకంటె భిన్నమైన ఫలము.

ఈ భేదమును కప్పిపుచ్చి, అలంకారశాస్త్రమే సర్వసాహిత్యమునకు తాళపుచెవి యని చాటుట కాసాబన్ త్రోవను పట్టుటయే యగును. శాస్త్రము ఎంతవరకు అన్వయించునో, ఎచట నిలిచిపోవునో నిర్ణయించి చెప్పగలిగిననాడే ప్రాచ్యకళాశాలలలో అది జీవద్విద్యగ నిలుచును.