పెళ్లి మందు కాదు

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చేసిన ఫిర్యాదు దానికి కారణం. అదే నెల ఒకటో తేదీ నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వ్యాధుల పట్టిక ఐసీడీ-11 అమల్లోకి వచ్చింది. అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను అందులో ఒక రుగ్మతగా చేర్చారు. మన ఊరు కల్లూరు తెలంగాణలో ఉంది కాబట్టి ఆ నిషేధం మనదాకా రాలేదు. ఈ రెండో కబురు రావాల్సింది, అదీ రాలేదు.

కాళ్లకూరి నారాయణరావు తాగుడు మీద మధుసేవ, కట్నం మీద వరవిక్రయం, వేశ్యాలోలత్వం మీద చింతామణి రాశారు. జనానికి చివరికి మిగిలింది సుబ్బిశెట్టి సరసాలే. ఆ నాటకానికి మూలమైన బిల్వమంగళుడి పాత కథలో వాన రాత్రి చింతామణి అనే వేశ్య ఇంటికి పోతూ ఏరు దాటడానికి అతను శవాన్ని దుంగనుకుని పట్టుకుంటాడు, పామును తాడనుకుని గోడెక్కుతాడు. సుఖం కోసం వెళ్లేవాడు అలా వెళ్లడు. వెళ్లకుండా ఉండలేనివాడే అలా వెళతాడు.

వైద్యులు చూసేదీ అదే. ఎంత కోరిక ఉంది, ఎన్నిసార్లు అన్న లెక్క వాళ్లకు అక్కర్లేదు. ఆపాలనుకుని ఆపలేకపోవడం, పని, ఆరోగ్యం, ఇల్లు పట్టకపోవడం, తృప్తి లేకున్నా మానలేకపోవడం ఆరు నెలలో అంతకు మించో సాగితే అప్పుడు జబ్బని అనుమానిస్తారు. తప్పు చేశానన్న బాధ ఒక్కటే ఉంటే అది జబ్బు కాదు. అదుపు తప్పిన ఈ ప్రవర్తనను వ్యసనం అనాలా వద్దా అని పండితులు ఇంకా తగువులాడుకుంటున్నారు. 2013 నాటి అమెరికా మానసిక వైద్యుల పట్టికలో దీనికి చోటే దొరకలేదు. అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్న ఇంటికి ఆ తగువుతో పనేముంది?

హస్తప్రయోగం జబ్బు కాదని డాక్టర్ సమరం ఏళ్ల తరబడి పత్రికల్లో రాస్తూ వచ్చారు. అయినా బస్టాండు గోడల మీద రహస్య వ్యాధుల ప్రకటనలు చెరగవు. జబ్బు లేని కుర్రాడు భయంతో ఆ ప్రకటనలో చెప్పిన లాడ్జి గదికి పోయి డబ్బు పోగొట్టుకుంటాడు. నిజంగా అదుపు తప్పినవాడు ఎక్కడికీ పోడు. రాత్రంతా ఫోను, పొద్దున పనికి నాగా, చేబదుళ్లు, పట్టుబడితే ఒట్లు, వారం తిరక్కుండా మళ్లీ అదే.

ఇంకో సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. పార్కిన్సన్స్ జబ్బుకు ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు కొందరిలో ఇలాంటి కోరికను రేపుతాయి. బైపోలార్ జబ్బు ఉద్రేకదశలోనూ ఇది కనిపిస్తుంది. జన్మంతా మర్యాదగా బతికిన పెద్దాయన హఠాత్తుగా మారితే, ముసలితనంలో ఇదేం బుద్ధి అని తిట్టేముందు మందుచీటీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

జబ్బన్నంత మాత్రాన చేసిందంతా మాఫీ కాదు. ఇష్టం లేని మనిషి మీద చెయ్యేస్తే అది నేరం, దానికి పోలీస్ స్టేషనుంది. ఇక భార్య సంగతి. అతను బయట తిరిగాడని తెలిస్తే ఆమె మొదట చేయించుకోవాల్సింది పరీక్ష. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ అనే కౌన్సెలింగు, పరీక్షల కేంద్రంలో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఆమె సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. అత్తింటివాళ్లు ‘నువ్వు సరిగా చూసుకుంటే వాడెందుకు తిరుగుతాడు’ అంటారు. నేను విన్న మాటల్లో ఇంత దుర్మార్గమైనది మరొకటి లేదు.

దానికి అక్కలాంటి మాట ఇంకోటుంది: ‘పెళ్లి చేస్తే కుదురుకుంటాడు.’ కుదురుకోడు. పాత కథలో చింతామణి చెప్పిన ఒక్క మాటతో బిల్వమంగళుడు మారి కృష్ణభక్తుడైన లీలాశుకుడయ్యాడు. మామూలు మనుషులకు కౌన్సెలింగు కావాలి, కొందరికి మందులు కావాలి, నెలల ఓపిక కావాలి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్‌వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అడగరు. ముందు అక్కడికి ఫోన్ చేయించండి. సంబంధాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.